కాలిన క్లచ్చి, ఒలికిన దాల్చా

"పొగొచ్చిందయ్యోయ్! మళ్లీ పొగొచ్చింది!"

వీధి చివర్నుంచి కేక. తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాను. పంక్చర్ షాపు పెట్టుకున్నవాడికి కేకలు కొత్తా ఏంది? కానీ ఆ పొగ సంగతి వేరు. ఆ పొగలో మా పెంచలయ్య బతుకుదెరువు ఉంది.

మా నెల్లూరులో బైపాసు పక్కన చెంచురామానాయుడు గారని ఒకాయన గో-కార్టు మైదానం పెట్టాడులెండి. కార్టంటే నేలకి ఆనుకుని పరిగెత్తే బుల్లి బండి. పైకప్పుండదు, తలుపులుండవు. కూచుని తొక్కితే ఝామ్మని పోతుంది. వాటి రిపేరు పని ఖాజా ఉస్తాద్‌ది. ఉస్తాద్ ఆ పని శిష్యుడు పెంచలయ్య చేతిలో పెట్టాడు.

నేను పోయేసరికి పెంచలయ్య బండి చుట్టూ తిరుగుతున్నాడు. స్పానరు తీసుకుంటాడు, పెట్టేస్తాడు, ఇంకోటి తీసుకుంటాడు. మైదానం మధ్యలో మట్టి పోసి చేసిన గట్టు ఒకటుంది. బండి దాని సగం దాకా ఎక్కి ఆగిపోయింది. కాలిన వాసన ముక్కు పగలగొడుతోంది.

నాయుడు గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన భారీ మనిషి. అంతకు ముందే బండిలోంచి దిగినట్టున్నాడు, ఇంకా ఆయాసపడుతున్నాడు.

"ఇది ఎన్నో క్లచ్చి రా?"

"మూడోది సార్."

"సాయంత్రం జనం వచ్చేలోపు ఈ బండి గట్టెక్కిందా, పని నీది. ఎక్కలేదా, రేపు మద్రాసు నుంచి మనిషిని పిలిపిస్తా. నీ గురువుకీ అదే చెప్పు."

నీ గురువుకీ అన్న మాట దగ్గర పెంచలయ్య మొహం మాడిపోయింది.

ఉస్తాద్ అప్పటికే మైదానం పక్కనున్న రిపేరు షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. మనిషి పొట్టి, గడ్డం తెలుపు. కుడి మోకాలు సరిగా వంగదు.

"ఉస్తాద్, అంతా డూప్లికేటు మాలు!" అన్నాడు పెంచలయ్య. "నేను చూడాల్సిందంతా చూశా. షాఫ్టు లావు సరిపోయింది. షాఫ్టుకి బిగించే కీ ముక్క సరిపోయింది. చైను పళ్లలో పూసలాగా కూచుంది. అయినా కాలిపోతా ఉండాది. నా తప్పేముందో చెప్పండి!"

ఉస్తాద్ బండి దగ్గరికొచ్చి, వంగి క్లచ్చి చూశాడు. కార్టులో క్లచ్చికి పెడలుండదండీ. ఇంజను బాగా జోరందుకుంటే లోపలున్న ముక్కలు విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెని పట్టుకుంటాయి. ఆ గిన్నెకున్న పళ్ల చక్రం చైనుని లాగితే, చైను వెనక ఇరుసుని తిప్పుతుంది. ఇంజను జోరందుకోకపోతే ముక్కలు గట్టిగా పట్టలేవు, ఊరికే రాసుకుంటా ఉంటాయి. రాసుకుని రాసుకుని కాలతాయి.

"పాత చక్రం కంటే ఇది పెద్దదిగా ఉందే," అన్నాడు ఉస్తాద్.

"అవును ఉస్తాద్, పళ్లు ఎక్కువ. నేనే కావాలని తెచ్చా." పెంచలయ్య గొంతులో కాస్త గర్వం వచ్చింది. "షాపోడు పాతదానికి సరిజోడు కూడా ఇచ్చాడు, అది పెట్టెలోనే ఉండాది. కానీ దీంతో బండి పిచ్చి స్పీడు పోతుంది. నేనెక్కితే ఎగిరిపోయింది, మీరు చూడలా?"

"చూశాను."

"మరి?"

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. చెయ్యి తుడుచుకున్నాడు. "ఇంట్లో ఫాతెహా అయిపోయింది. అన్నం ఆటోలో వస్తుంది. దాల్చా ఆటోలో పెడితే ఒలికిపోద్ది. పద, మోసుకొద్దాం."

"ఇప్పుడా?!"

"ఆకలి నీ క్లచ్చి కోసం ఆగదు బేటా."

ఏటా ఆ రోజు ఉస్తాద్ ఇంట్లో పోయిన పెద్దల పేరు మీద ఫాతెహా చదివించి, వండి షెడ్డువాళ్లకీ చుట్టుపక్కలవాళ్లకీ పెట్టడం రివాజు. ఇల్లు పక్క సందులోనే. నేనూ వెంట పోయాను. మంచి వాసనొస్తుంటే కాళ్లు ఆగుతాయా చెప్పండి!

డేక్సా నిండా దాల్చా, అదే, పప్పూ మాంసం వేసిన పులుసు. కడియాలకి తాడు కట్టి, బొంగు దూర్చి, ముందు కొస పెంచలయ్య భుజం మీద, వెనక కొస ఉస్తాద్ భుజం మీద. ఉస్తాద్ భార్య ఫాతిమాబీ గుమ్మంలోంచి అరిచింది, "ఒరే పెంచలా, పందెం కాదు రా, పులుసు!"

వింటేగా! వాడి మనసంతా కాలిన క్లచ్చి దగ్గరే. వాడివి కొంగ కాళ్లు. ఒక్క అంగ వేస్తే ఉస్తాద్‌కి రెండంగలు. బొంగు గుంజుకుపోతోంది. డేక్సా ఊగింది. మూత పక్కకి జరిగి, వేడి వేడి దాల్చా ఉస్తాద్ చొక్కా మీద చిల్లింది.

"అయ్యో, ఉస్తాద్!" అన్నాను నేను.

పెంచలయ్య వెనక్కి చూసి అదిరిపోయాడు. "ఒలికిందా? మీరు చెప్పొద్దా!"

"ఏం చెప్పను?"

"కాస్త జోరుగా రండి ఉస్తాద్. టైము లేదు."

ఉస్తాద్ మూత సర్దాడు. "సరే," అన్నాడు.

మళ్లీ కదిలారు. ఉస్తాద్ నిజంగానే జోరుగా నడవబోయాడు. వంగని మోకాలిని ఈడ్చుకుంటూ, పళ్ల బిగువున. నాలుగంగల్లో ఒళ్లంతా చెమట. బొంగు పెంచలయ్య భుజం మీద గరగరా రాసుకుంటోంది. మళ్లీ ఒలికింది. నాకు కోపమొచ్చింది. "ఒరే, ముసలాయన్ని చంపుతావా?" అన్నాను.

పెంచలయ్య ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఉస్తాద్ రొప్పుతున్నాడు, కానీ మొహంలో కోపం లేదు.

"ముందు నడిచేవాడికి వెనకోడి కాళ్లు కనపడవు రా," అన్నాడు.

పెంచలయ్య ఉస్తాద్ మోకాలి వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీద బొంగు చూసుకున్నాడు. దాన్ని సర్దుకుని ముందుకి తిరిగాడు.

ఈసారి అంగ చిన్నది వేశాడు. ఇంకా చిన్నది. డేక్సా ఊగడం ఆగిపోయింది. షెడ్డు దాకా ఒక్క చుక్క కింద పడలేదు.

డేక్సా దించాడో లేదో, వాడు పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. చిన్న చక్రం ఉన్న క్లచ్చి తీశాడు. పెద్దది ఊడదీశాడు. చైను వదులైతే ఇంజను కాస్త జరిపి బిగించాడు. ఈసారి స్పానరు మాత్రం మార్చలేదు.

"నాయుడుగారూ, మీరే ఎక్కండి సార్."

"నేనా? నా బరువుకేగా ఇందాక ఆగిపోయింది?"

"అందుకే."

నాయుడు గారు ఇరుక్కుని కూచున్నాడు. బండి కదిలింది. మేమందరం గట్టు వైపే చూస్తున్నాం. పెంచలయ్య పెదవి కొరుక్కుంటున్నాడు. గట్టు మొదట్లో ఇంజను గొంతు కాస్త తగ్గింది, మళ్లీ లేచింది. బండి ఎక్కింది. అవతల దిగింది. ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. పొగ లేదు, వాసనా లేదు.

నాయుడు గారు దిగి చెమట తుడుచుకున్నాడు. "ఎక్కింది రా! కానీ ముందంత స్పీడు లేదే?"

"ఉండదు సార్," అన్నాడు పెంచలయ్య. "చిన్న చక్రానికి స్పీడు తక్కువ, లాగే బలం ఎక్కువ. మిమ్మల్ని మోసుకుని పోవాల గదా."

నాయుడు గారు వాడి వంక కాసేపు చూసి, పగలబడి నవ్వాడు. "సరే పో. రేపట్నుంచి బండ్లన్నీ నువ్వే చూసుకో. మద్రాసూ లేదు, గిద్రాసూ లేదు."

షెడ్డులో టార్పాలిన్ పరిచారు. నాయుడు గారు ఉస్తాద్ పక్కన చేరి మెల్లగా అడిగాడు, "పొద్దుట్నుంచీ నెత్తీనోరూ కొట్టుకున్నా వాడికి ఎక్కలా. నువ్వేం చెప్పావయ్యా?"

"నేనేం చెప్పాను సార్? డేక్సా పట్టుకోమన్నా."

పెంచలయ్య తల వంచుకుని ఆకులు వేస్తున్నాడు. అందరికీ వేసి, ఆఖరి ఆకు తనకి వేసుకుని కూచున్నాడు. మేమందరం కూచున్నాం. దాల్చా ఇంకా వేడిగానే ఉంది.

"బిస్మిల్లా," అన్నాడు ఉస్తాద్. "తినండి."