ముకుందరావు గారి ఖాళీ గడి

పొన్నూరులో చిన్నపిల్లల బడి నడిపే ముకుందరావు, ఎక్కడ కాస్త ఖాళీ కనిపించినా ఓర్చుకోలేక అందులో ఏదో ఒకటి కుక్కేస్తూ ఉండేవాడు.

బడి పెట్టకముందు ఆయన బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేశాడు. ఏ బండి ఎప్పుడు కదలాలో, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో ఆయనే చెప్పేవాడు. రాత్రంతా బండి నడిపి వచ్చిన ఒక డ్రైవర్ని వెంటనే మళ్లీ డ్యూటీకి పంపమని మేనేజరు అంటే, కావాలంటే నా ఉద్యోగం తీసెయ్యండి గానీ నిద్ర లేని మనిషి చేతికి బండి ఇవ్వనని ఎదురు తిరిగాడట. ఈ సంగతి బడిలో ఆయన చెప్పని మనిషి లేడు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవాడు కూడా.

రిటైరయ్యాడు గానీ ఆయన బుర్రలోంచి డిపో పోలేదు. మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలకు ఆయన వేసిన టైం టేబుల్ చూస్తే బస్సుల చార్టు అనుకోవాల్సిందే. ప్రార్థన, వెంటనే అక్షరాలు, వెంటనే అంకెలు, రైమ్స్, మళ్లీ అక్షరాలు. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే చూచిరాత. మరి ఆట లేదా అంటే, ఉంది. ఆట గంటలో పిల్లలు వరుసగా నిలబడాలి. పేరు పిలిచినప్పుడు ఒక్కొక్కరూ వెళ్లి బుట్టలో బంతి వేసి, తిరిగి వచ్చి వరుసలో నిలబడాలి. దాన్ని ఆట అన్న మనిషి చిన్నప్పుడు ఏం ఆడాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆ తరగతి టీచరు సుభాషిణి. మాట మెత్తన, మనిషి మొండి. పసిపిల్లల చదువులోనే శిక్షణ పొంది వచ్చింది. రెండోసారి అక్షరాలు మొదలయ్యేసరికి పిల్లలు ఒకరినొకరు తోసుకోవడం, చూచిరాత దగ్గర తూలిపోవడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. ముకుందరావు మనవరాలు చిన్మయి కూడా ఆ తరగతిలోనే ఉండేది. చేరిన కొత్తలో చెప్పులు కూడా వేసుకోకుండా బడికి పరిగెత్తుకొచ్చిన పిల్ల, ఇప్పుడు పొద్దున్నే గేటు ఊచలు పట్టుకుని లోపలికి రానని ఏడ్చేది. అది చూస్తే సుభాషిణికి కడుపు మండేది.

ఎన్నిసార్లు చెప్పినా ముకుందరావు వినకపోయేసరికి, ఒకరోజు ఆమే కొత్త చార్టు రాసి గోడకు అంటించింది. కూర్చుని చేసే పని తర్వాత గెంతే పని పెట్టింది. గోలగా పాడిన పాటల తర్వాత నెమ్మదిగా కథ పెట్టింది. అన్నం తిన్నాక చాపలు పరిచి నిద్ర. నిద్ర లేచాక వచ్చే గడిలో మాత్రం ఏమీ రాయలేదు. ఆ సమయంలో ఇసుక, నీళ్లు, చెక్కముక్కలు, పాత చీరల పీలికలు పిల్లల ముందు పెడుతుంది. వాటితో ఏం చేస్తారన్నది వాళ్ల ఇష్టం.

ఆ ఖాళీ గడి చూసి ముకుందరావు మండిపడ్డాడు. చార్టు పీకి నాలుగు ముక్కలు చేశాడు. రేపటి నుంచి పాత చార్టు నడవకపోతే ఇంకో బడి చూసుకోమన్నాడు. సుభాషిణి జీతంతోనే ఆమె ఇల్లు గడుస్తోంది. అయినా ఆమె తల వంచలేదు.

"చూసుకుంటానండి. అయితే రేపు ఒక్కరోజు మీరు మీ చార్టు ప్రకారం పిల్లల మధ్య కూర్చోండి. వాళ్లు ఏం చేస్తే మీరూ అదే చెయ్యాలి. సాయంత్రం దాకా ఉండగలిగితే నా రాజీనామా మీ చేతిలో పెడతాను. ఉండలేకపోతే నా చార్టు మళ్లీ గోడకెక్కాలి" అంది.

డిపోలో పొద్దస్తమానం నిలబడ్డవాణ్ని, ఇదొక లెక్కా అని ముకుందరావు నవ్వాడు.

మర్నాడు ఆయన పిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అక్షరాలు గట్టిగానే చదివాడు. అంకెల దగ్గర నడుము పట్టేసింది. కాస్త లేచి అటూ ఇటూ తిరగబోతే, చేతులు కట్టుకుని కూర్చోమంది సుభాషిణి. టీ తాగొస్తానంటే, ఇంకా గంట కొట్టలేదంది. రైమ్స్‌లో తప్పక చేతులూపాడు. ఆట గంటలో వరుస చివర నిలబడ్డాడు. తీరా ఆయన వంతు వచ్చేసరికి గంట మోగింది. బంతి ముట్టుకోకుండానే లోపలికి నడవాల్సి వచ్చింది. అంత పెద్దమనిషికీ అక్కడ ఏడుపొక్కటే తక్కువ.

అన్నాలయ్యాక చూచిరాత మొదలైంది. రెండో గీత దగ్గరే ఆయన కళ్లు మూతలు పడ్డాయి. పక్కన కూర్చున్న చిన్మయి ఆయన మోచెయ్యి పట్టి కుదిపింది.

"పడుకోకు తాతయ్యా. రాత మిగిలిపోతే ఇంటికెళ్లాక నువ్వే కూర్చోబెట్టి రాయిస్తావుగా. నిద్రొస్తే నేనైతే ఇలా గిల్లుకుంటాను" అని తన చెయ్యి చూపించింది.

ఆ పసి చేతి మీద గోటి గుర్తులున్నాయి. కొన్ని పాతవి, కొన్ని ఆ రోజువి.

నిద్ర లేని డ్రైవరు కోసం మేనేజర్ని ఎదిరించానని ఊరంతా చెప్పుకున్న మనిషి, తన ఇంటి నాలుగేళ్ల పిల్లకే ఆ డ్యూటీ వేశాడు. ముకుందరావు కుర్చీలోంచి లేచి, చాపలు ఎక్కడున్నాయని అడిగాడు. పిల్లలందరూ పడుకున్నాక చింపిన చార్టు ముక్కలు అతికించి, తన చేత్తోనే గోడకు పెట్టాడు. అతుకులు కనిపిస్తూనే ఉన్నాయి.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. కొన్నాళ్లకు తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చారు. పక్క బడి పిల్లలు అప్పుడే మాటలు రాసేస్తున్నారనీ, తమ పిల్లలు మాత్రం తలనిండా ఇసుకతో ఇంటికొస్తున్నారనీ దెబ్బలాటకు దిగారు. ఆ ఖాళీ గంటలో ఏం నేర్పుతున్నారో చెప్పమని జనార్దనం అనే ఆయన నిలదీశాడు. గడి నింపకపోతే పిల్లల్ని మాన్పిస్తామన్నాడు.

ముకుందరావు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆ గంటలో మేమేమీ నేర్పం. అది పిల్లలది. మాన్పిస్తామంటే మీ ఇష్టం. బడికి తాళమైనా వేసుకుంటాను గానీ ఆ గడి మాత్రం నింపను" అన్నాడు.

జనార్దనం ఇంకేదో అనబోయాడు. అప్పుడే ఇసుకలోంచి చిన్మయి గొంతు వినిపించింది. చెక్కముక్కలన్నీ బస్సుల్లా వరుసగా పేర్చి, ఒక ముక్క మీద చీర పీలిక కప్పింది. పక్కనున్న పిల్ల ఆ ముక్కను తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ బస్సు పడుకుంది. ఎవరొచ్చి అడిగినా లేపేది లేదు" అంది.

ఆ తర్వాత కొందరు పిల్లల్ని మాన్పించారు. ముకుందరావు వాళ్లను బతిమాలలేదు. చిన్మయి మాట విన్న జనార్దనం మాత్రం మాన్పించలేదు. చిన్మయి పొద్దున్నే గేటు ఊచలు పట్టుకోవడం మానేసి, చెప్పులు మరిచిపోయి బడికి పరిగెత్తడం మళ్లీ మొదలుపెట్టింది.

నీతి: పసివాళ్ల రోజులో చదువుకు ఎంత చోటు ఉందో ఆటకూ, నిద్రకూ, ఊరికే ఉండడానికీ అంత చోటు ఉండాలి, ఆ చోటు లాక్కోవడానికి ఎవరొచ్చినా పెద్దవాళ్లు అడ్డంగా నిలబడాలి.