ముద్ర పడని ఏడు

అనగనగా, ఏడు సముద్రాల అవతల ఫ్రాన్సు దేశంలో, వాల్‌బ్రెన్ అని ఒక ద్రాక్షతోట. తోటంటే అలాంటిలాంటి తోట కాదు నాయనా! వట్టి గులకరాళ్ళ కొండ. గడ్డి కూడా మొలవదన్న చోట, ఆ తోట యజమానురాలు ఒడీలమ్మ ముత్తాతలు తీగలు నాటారు. ఆ తీగలు నీటికోసం రాళ్ళ సందుల్లోంచి లోలోతుకు వేళ్ళు దించాయి. పళ్ళు చిన్నవి, కాపు తక్కువ, తీపి మాత్రం అమృతమే. వాటితో చేసిన ద్రాక్షాసవం, అదే మనం వైను అంటామే, అది లేనిదే రాజుగారి విందు మొదలయ్యేది కాదు.

ఆ ఇంటికో ఆచారం ఉంది. వైను నింపిన ప్రతి చెక్కపీపానూ యజమాని స్వయంగా రుచి చూడాలి. బాగుంటేనే ఎర్రగా కాల్చిన ఇనుప ముద్ర దానిమీద పడుతుంది. బాగాలేదా, ముద్ర లేదు.

ఒక ఏడు సరిగ్గా కోతలవేళ వాన పట్టుకుంది. పట్టిన వాన వదిలితేనా! పళ్ళలో నీరు నిండి తీపి చచ్చింది. తండ్రి పోయాక తోటను ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న ఒడీలమ్మ పీపా తర్వాత పీపా రుచి చూసింది. అన్నీ చప్పనే. పైగా ఆ ఏడే రాకుమారి పెళ్ళి, విందుకు వాల్‌బ్రెన్ పీపాలే వెళ్ళాలి.

మొదట పక్క కొండమీద తోట ఉన్న వర్తకుడు గాస్పారు వచ్చాడు. కాస్త తేనె కలిపి ముద్ర కొట్టెయ్యమ్మా, ఎవరు కనిపెడతారన్నాడు. ఒడీలమ్మ తల అడ్డంగా ఊపింది.

తర్వాత మేనత్త వచ్చింది. తాతలనాటి పరువు నీ చేతుల్లో మంటగలుస్తుందే అని ఏడ్చింది. ఒడీలమ్మకీ ఏడుపొచ్చింది గానీ ముద్ర ముట్టుకోలేదు.

ఆఖరికి మంత్రిగారే దిగారు. పెళ్ళికి పీపాలు రాకపోతే ఇక ఏనాటికీ వాల్‌బ్రెన్ సరుకు కోటగుమ్మం దాటదని రాజుగారి మాటగా చెప్పారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ఒడీలమ్మ మంత్రికి చేతులు జోడించింది.

"అయ్యా, ఈ ఏడు మా కొండ ఇవ్వలేదు. లేనిదాన్ని ఉందని రాజుగారికి ఎలా పంపను?" అంది.

మంత్రి వెళ్ళిపోయాడు. ఆమె ఆ పీపాలను ముద్ర లేకుండా, ఇది మామూలు రకమేనని చెప్పి సంతలో చవగ్గా అమ్మించింది.

గాస్పారు ఊరుకున్నాడా? తన చప్పటి వైనులో తేనె కలిపి, దర్జాగా తన ముద్ర కొట్టి కోటకు తోలించాడు. పెళ్ళిపంక్తిలో వియ్యాలవారు ఒక్క గుక్క తాగి గిన్నెలు పక్కన పెట్టేశారు. అంతమందిలో రాజుగారికి తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడు ఎండలు దివ్యంగా కాశాయి. ఈసారి రాజే తన మాట వెనక్కి తీసుకుని ఒడీలమ్మకు కబురుపెట్టాడు. ముద్రపడ్డ పీపాలు కోటకు చేరాయి. వంటశాల పెద్ద రుచి చూడబోతే రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మిగతావాళ్ళది తాగి చూసి పుచ్చుకోండి. ఆవిడది అక్కర్లేదు. బాగాలేనినాడు బాగాలేదని నా మంత్రితోనే చెప్పిన మనిషి."

విన్నారుగా పిల్లలూ! లేనినాడు లేదని చెప్పగల నోటికే, ఉందన్ననాడు విలువ.