కూర్చుని చీరలమ్మిన వరహాలు

అనగనగా ఒక ఊళ్ళో కాదు చిట్టీ, ఒక మహా పట్నంలో, నాలుగంతస్తుల బట్టల కొట్టు ఉండేది. అందులో పనికి పలాస దగ్గర పల్లె నుంచి వరహాలు అనే పిల్ల వచ్చింది. పంతొమ్మిదేళ్ళది. మనిషి సన్నగా ఉండేది గానీ మాట గట్టిది.

ఆమె దిగిన హాస్టల్లో ఒక్క గదిలో ఆరు మంచాలు. కిటికీ తీస్తే పక్కింటి గోడ. మొదటి వారమంతా తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు. ఎందుకంటే, కొట్లో పదకొండు గంటలు నిలబడాలి.

అక్కడ అజమాయిషీ చేసేది గోపీనాథ్ అనే మేనేజరు. మొదటి రోజే ఆమెకి 'వర్ష' అని రాసిన బిళ్ళ పెట్టించాడు. "వరహాలు పాతకాలం పేరు. ఇక్కడ నువ్వు వర్షవి" అన్నాడు. వర్షా అని ఎవరు పిలిచినా ఆమె పలకలేదు. నాలుగు రోజులు చూసి, విసిగిపోయి, ఆయనే వరహాలూ అని పిలిచాడు.

అప్పుడు ఆమె యాస మీద పడ్డాడు. "ఏటి అనకు, ఏంటి అను" అన్నాడు. "అలాగే సార్" అని, ఇటు తిరిగి, "ఏటి చూపించమంటారమ్మా?" అని బేరానికొచ్చినవాళ్ళని అడిగింది.

మూడో పేచీ మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. ఆ కొట్లో అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. బేరం ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలి. వరహాలు పక్కనే జరీనా అని పెద్దావిడ పట్టుచీరలు చూపించేది. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళు బూరెల్లా పొంగిపోయాయి. ఒకరోజు చీర మడత పెడుతూ పెడుతూ కూలబడిపోయింది. కాసిని నీళ్ళు తాగించి, మళ్ళీ నిలబెట్టారు.

అది చూసి వరహాలు నేరుగా గోపీనాథ్ దగ్గరికి వెళ్ళింది. "సార్, మాకు కూకోడానికి పీటలెయ్యండి" అని అడిగింది. "కష్టంగా ఉంటే మానెయ్యి" అన్నాడు గోపీనాథ్. మర్నాడు హాస్టల్ నుంచి ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని బస్సెక్కి వచ్చింది. గుమ్మం దగ్గరే లాగేసుకున్నారు.

ఆ తర్వాతి రోజు శ్రావణ శుక్రవారం. కొట్టు కిటకిటలాడిపోతోంది. వరహాలు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో చీర పరిచి చూపించడం మొదలుపెట్టింది.

"లే" అన్నాడు గోపీనాథ్.

"లేవను సార్. చీర చూపించడానికి చేతులు కావాలి గానీ కాళ్ళెందుకు?"

ఈ పని పోతే ఊరెళ్ళి మళ్ళీ జీడిపిక్కలు కొట్టుకోవాలి. అయినా లేవలేదు.

అప్పుడు జరీనా ఆమెని చూసింది. గోడ పట్టుకుని మెల్లగా కిందికి ఒరిగి, పక్కనే కూర్చుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. కాసేపటికి కొట్టువాళ్ళలో నిలబడి ఉన్నది గోపీనాథ్ ఒక్కడే.

ఆయన కబురంపితే యజమాని దిగొచ్చాడు. "ఎవరు కూర్చోమన్నారు నిన్ను?"

"నా కాళ్ళండీ" అంది వరహాలు.

చీరలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళంతా ఆయన వైపే చూస్తున్నారు. వచ్చిన మెట్లే ఎక్కి వెళ్ళిపోయాడు.

సోమవారం స్టూళ్ళు వచ్చాయి, ఇద్దరికొకటి. "చాలవండీ. రేపూ కిందే కూకుంటాం" అంది వరహాలు. వారం తిరిగేసరికి మనిషికొకటి వచ్చింది.

గోపీనాథ్ కోపం మాత్రం చల్లారలేదు. ఆమెని పట్టుచీరల దగ్గర్నుంచి తీసేసి, అట్టడుగున తువ్వాళ్ళ దగ్గరికి పంపాడు. వరహాలు తల దించకుండానే వెళ్ళింది. ముందు స్టూలు వేసుకుని స్థిమితంగా కూర్చుంది. ఆ తర్వాతే మొదటి తువ్వాలు విప్పింది.

కాలికి పీట, కంటికి కునుకు,
కథేమో కంచికి, నువ్వేమో పడకకు.