తినని భోజనానికి వెల

ఒకానొక రాజ్యంలో వానలకన్నా బిరుదులు ఎక్కువగా కురిసేవి. ఆ రాజ్యాన్ని ఏలే మల్లభూపతిగారు కొలువుకి బయలుదేరితే ముందు నడిచే వందిమాగధుడు బిరుదులు అందుకునేవాడు. రాజుగారు సింహాసనం ఎక్కి సర్దుకుని కూర్చున్నా అవి అయ్యేవి కావు. మధ్యలో ఆ చదివేవాడికి మజ్జిగ ఇవ్వాల్సి వచ్చేది.

అయితే ఆయన చేసిన మంచిపని ఒకటుంది, అది ముందు చెప్పుకోవాలి. అడవులు నరికి పొలాలు చేసుకుంటున్నారని, జింకలకి నిలువనీడ లేకుండా పోయిందని ఆయన వనశాసనం ఒకటి వేయించాడు. ఎవరైనా తమ నేలని దున్నకుండా చెట్టుకీ పిట్టకీ వదిలేస్తే, వాళ్ళు వదులుకున్న పంట ఎంతో లెక్కకట్టి, ఆ మేరకు మిగతా పొలాల మీద పన్ను తగ్గిస్తారు. ఎంత ధర్మమైన మాట! గొర్రెలు కాసుకునే బీరక్క వాగు పక్కన ఉన్న తన జొన్నచేను వదిలేసింది. రెండు వానాకాలాలు తిరిగేసరికి అక్కడ రేగుపొదలు లేచాయి, కుందేళ్ళు చేరాయి, పొద్దున్నే నెమళ్ళు కూశాయి.

బీరక్క చేను ఇచ్చింది. మంత్రి నాగరుసు గుట్ట ఇచ్చాడు.

గుట్ట అంటే ఏమనుకున్నారు? జిల్లేడు కూడా మొలవడానికి మొహమాటపడే బండ. మేక ఎక్కితే ఎక్కినంత ఆకలితోనూ దిగేది. నాగరుసు దాన్ని ఒక ముసలి ఎద్దు ఖరీదుకి కొని, ఆస్థానంలో భూములకి వెలకట్టే కేతుశాస్త్రిని పల్లకీలో తీసుకువెళ్ళి చూపించాడు. శాస్త్రిగారు గుట్ట ఎక్కనేలేదు. పల్లకీ తెర తొలగించి, అక్కణ్ణించే చూశారు.

"ఆహా! ఇక్కడ ద్రాక్షతోటలు వేసి ఉంటే? ఆ పైన ఏడంతస్తుల మేడలు లేచి ఉంటే? కింద రత్నాలుండి, వాటిని తవ్వి ఉంటే? ఇవన్నీ మంత్రిగారు జింకల కోసం వదులుకున్నారు!" అని ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని, రాజ్యంలో ఏ మాగాణికీ లేని వెల ఆ బండకి రాసిపడేశారు. దాంతో నది ఒడ్డున మంత్రిగారి వరిమళ్ళ మీద పన్ను మొత్తం ఎగిరిపోయింది.

రుచి మరిగాక ఆగుతారా? పట్నంలోని షావుకార్లు మంత్రిగారింటి ముందు వరుస కట్టారు. ఆయన వాళ్ళకి గుట్టలో తలా ఒక వాటా అమ్మాడు, వాళ్ళ పొలాల మీద పన్నూ ఎగిరిపోయింది. ఒక్క గుట్టకి ఊరంత మంది త్యాగమూర్తులు! వాళ్ళలో ఒక్కడికీ ఆ గుట్ట ఏ దిక్కున ఉందో తెలియదు. జింకలకీ తెలియదు. అక్కడ తాగడానికి చుక్క నీళ్ళు లేవు మరి.

ఇలా ఉండగా ఖజానాలో అడుగు కనిపించింది. రాజుగారు గాభరాపడితే నాగరుసు చేతులు కట్టుకుని, "గుట్టలు లేని రైతులు ఉన్నారుగా ప్రభూ!" అన్నాడు. రైతుల మీద పన్ను పెంచారు. కట్టలేని ఊళ్ళలో విత్తనాల గాదెలకి రాజముద్ర వేశారు.

ఆ కొలువులోనే దోనయ్య అని ఒకాయన ఉండేవాడు. చమత్కారంగా మాట్లాడి రాజుగారిని నవ్వించడం ఆయన కొలువు. జ్యేష్ఠమాసం దశమినాడు ఆయన చెల్లెలు కాచమ్మ, చెప్పా పెట్టకుండా పల్లె నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే కాచమ్మా, ఏరువాక దగ్గర పెట్టుకుని బయలుదేరావు?"

"ఏరువాకట, ఏరువాక! గాదెకి ముద్ర వేసి పోయారు అన్నయ్యా. పున్నమికి వాన పడుతుంది, నేల మెత్తబడుతుంది. అందులో ఏం చల్లమంటావు? మీ రాజుగారి బిరుదులా?"

దోనయ్య నవ్వబోయి ఆగిపోయాడు. చెల్లెలు నవ్వడం లేదు.

"ఈ పున్నమి దాటితే ఈ ఏటికి పంట లేదు. ఇన్నేళ్ళుగా ఆయన్ని నవ్వించి తింటున్నావు కదా, కడుపు కాలితే ఎలా ఉంటుందో ఒక్కపూట ఆయనకి చూపించలేవూ?"

ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. వెంటనే కొలువుకి వెళ్ళి, ఏ చమత్కారమూ చెయ్యకుండా మనవి చేసుకున్నాడు.

"మహాప్రభూ, శాస్త్రిగారు కట్టిన వెలలు నమ్మకండి. ఒక్కసారి మీరే ఆ గుట్ట ఎక్కి చూడండి."

మల్లభూపతికి కోపం వచ్చింది. "పెద్దల త్యాగాన్ని శంకిస్తావా? పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఏమైనా వదులుకున్నావా దోనయ్యా? పళ్ళెంలో ఆఖరి బూరె కూడా వదలవు! ముందు ఏదైనా వదిలి రా, అప్పుడు మాట్లాడు. నీ త్యాగానికీ మా శాస్త్రిచేతే వెల కట్టించి, పొల్లు పోకుండా ముట్టజెబుతాం."

కొలువంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నాగరుసు.

"మాటేనా ప్రభూ?" అన్నాడు దోనయ్య.

"మా బిరుదుల్లో 'ఆడినమాట తప్పనివాడు' అని ఉందో లేదో వాణ్ణి అడుగు!"

"ఉంది ప్రభూ," అన్నాడు వందిమాగధుడు వినయంగా. "రెండుసార్లు ఉంది."

మర్నాడు నిర్జల ఏకాదశి. ఆ రోజు రాజుగారు మంచినీళ్ళు కూడా ముట్టరు. దోనయ్యా ముట్టలేదు. వేళాకోళానికి కాదు. దేవుడి పేరు పెట్టి దొంగ ఉపవాసం ఉంటే కళ్ళు పోతాయని భయపడే మనిషి ఆయన. దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, పొద్దు వాలకముందే కుమ్మరివీధీ సాలెవీధీ తిరిగి, కనిపించినవాళ్ళందరి చెవిలో ఏదో చెప్పి వచ్చాడు.

ద్వాదశి పొద్దున రాజుగారి భోజనశాలలో ఉపవాసం విడిచే పారణకి ఏర్పాట్లు జరిగాయి. నైవేద్యం అయిపోయింది. పులిహోర, ఆవపెట్టిన కూర, బూరెలు, పరమాన్నం, గడ్డపెరుగు గంగాళాల్లో వరుసగా నిలబెట్టారు. ఆ వాసనకి రాజుగారి కళ్ళు సగం మూతపడ్డాయి. మంత్రీ శాస్త్రీ ఆయన పక్కనే కూర్చున్నారు. దోనయ్య మాత్రం విస్తరి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోవోయ్!" అన్నాడు రాజు.

"తమరి మాట ప్రకారం నేనూ ఒకటి వదిలాను ప్రభూ. నిన్న రెండుపూటలా భోజనం వదిలాను. శాస్త్రిగారు వెల కట్టాలి."

రాజుకి సరదా పుట్టింది. "కట్టవయ్యా శాస్త్రీ. వీడు వదిలిన భోజనం ఈ వంటలోంచే ముట్టజెప్పండి."

శాస్త్రి పెదవి విరిచాడు. "ఇతనింట్లో నిన్న ఉన్నది నూకలగంజి. వెల, ఒక ముంత గంజి."

దోనయ్య చేతులు జోడించాడు. "ధర్మంగా చెప్పారు! ఉన్నదానికే వెల. ఇదే కొలత పట్టుకుని, భోజనాలు కాగానే మంత్రిగారి గుట్ట దగ్గరికి వెళదాం పదండి."

నాగరుసుకి పొలమారింది. "శాస్త్రీ! ఏమిటా తొందరపాటు? ఉన్నదాన్ని కాదయ్యా, ఉండగలిగినదాన్ని చూడాలి!"

"అవునవును," శాస్త్రి సర్దుకున్నాడు. "గంజే తాగేవాడని ఎలా చెబుతాం? రాజుగారి వంటశాలలోనే తిని ఉండవచ్చు."

"మరి ఆకలో?" అన్నాడు దోనయ్య అమాయకంగా.

"ఏనుగంత ఉండవచ్చు! రాసుకోండి," అన్నాడు మంత్రి. గుట్ట దక్కితే చాలు ఆయనకి.

ప్రధాన వంటవాడు గంగాళాలవంక చూశాడు. "ఏనుగుకి రెండు పూటలంటే ఈ వంటంతా పోసినా చాలదు బాబయ్యా."

"పోయండి, మాట మాటే," అన్నాడు రాజు, ఇంకా నవ్వుతూనే. "ఒక్కడివీ ఎలా తింటావో చూస్తాం!"

"నేనెందుకు తింటాను ప్రభూ? వాటాలు అమ్మేశాను."

తలుపులు తెరిచేసరికి కుమ్మర్లు, సాలెవాళ్ళు, చాకళ్ళు, పిల్లాపాపలతో సహా విస్తళ్ళు పట్టుకుని బారులు తీరి ఉన్నారు.

"వీళ్ళంతా నిన్న ఉపవాసం ఉన్నారా?" అన్నాడు రాజు.

"అబ్బే! కుమ్మరి కామన్న నిన్న రెండుసార్లు తిని, మధ్యలో కునుకు కూడా తీశాడు. నా ఉపవాసం ఎక్కడ జరిగిందో అతనికి తెలియనే తెలియదు. షావుకార్లకి గుట్ట తెలియనట్టే."

రాజుగారి నవ్వు తగ్గింది. గంగాళాలు ఒక్కొక్కటే బయటికి వెళ్ళిపోతున్నాయి. పరమాన్నం కూడా గడప దాటింది. పురోహితుడు దగ్గాడు. "ప్రభూ, ద్వాదశి ఘడియలు వెళ్ళిపోతున్నాయి. ఈలోగా పారణ చెయ్యకపోతే వ్రతఫలం దక్కదు."

మల్లభూపతి తన విస్తరివంక చూసుకున్నాడు. పచ్చగా, నున్నగా, ఖాళీగా ఉంది. నిన్నటినుంచి నీళ్ళు లేని నాలుక తడారిపోయింది. "మరి మా సంగతేమిటి?"

"త్యాగాలు చెయ్యనివాళ్ళు ఉన్నారుగా ప్రభూ!" అన్నాడు దోనయ్య, అచ్చం నాగరుసులాగే చేతులు కట్టుకుని. "మంత్రిగారు ఉత్తరీయం కింద బూరెల గిన్నె దాచుకున్నారు. దానికి ముద్ర వేయించండి."

ప్రధాన వంటవాడు గిన్నె లాక్కోబోయాడు. నాగరుసు దాన్ని కడుపుకి కరుచుకుని అరిచాడు. "అన్యాయం! వీడింట్లో గంజి తప్ప ఏమీ లేదని ఊరందరికీ తెలుసు! లేనిదాన్ని వదిలినవాడికి ఉన్నదంతా దోచిపెడతారా?"



"మొన్న నేను మనవి చేద్దామనుకున్నది ఇదే ప్రభూ," అన్నాడు దోనయ్య నెమ్మదిగా. "నాకంటే మంత్రిగారే బాగా చెప్పారు."

అప్పుడు గుంపులోంచి కాచమ్మ ముందుకొచ్చి, రాజుగారి ముందు ముంత పెట్టింది. "మా అన్నయ్య నిన్న వదిలిన గంజి ఇది బాబూ, మళ్ళీ కాచి తెచ్చాను. గాదెకి ముద్ర పడకముందు తీసి పెట్టుకున్న నూకలు. ఘడియలు దాటకుండా తాగండి."

మల్లభూపతి ఔపోసన పట్టి గంజి తాగాడు. గటగటా, అడుగు కనిపించేదాకా తాగాడు. మూతి తుడుచుకుని మంత్రివంక చూశాడు, ఆ బూరెల గిన్నెవంక చూశాడు, ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. నాగరుసు ఒక్కడికే నవ్వు రాలేదు.

"రాయండి కొత్త శాసనం," అన్నాడు రాజు. "నేల ఏం పండించిందో దానికే వెల, ఏం పండించగలదో అని శాస్త్రి కలగన్నదానికి కాదు. కొన్న ఖరీదుని మించి ఎవడూ త్యాగం చెయ్యనక్కర్లేదు. వాటాలు అమ్మిన త్యాగం చెల్లదు. ఇక మీదట ఎక్కువ వెల కట్టినవాడు ఆ వెలకి ఆ నేల తానే కొనుక్కోవాలి. బీరక్కలాంటి వాళ్ళ తగ్గింపు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. షావుకార్ల దగ్గర పాత పన్నంతా వసూలు చెయ్యండి. గాదెల ముద్రలు ఈ పూటే తీయించండి."

వెల కట్టినవాడే కొనుక్కోవాలన్న మాట వింటూనే కేతుశాస్త్రి తన విస్తరి తానే మడిచి లేచాడు.

"మరి నా జీతం ప్రభూ?" అని గొణిగాడు నాగరుసు.

"గుట్ట ఉందిగా! నీ జీతం ఇక ఆ ద్రాక్షతోటల్లోంచే తీసుకో."

రాజుగారు తన మెడలోని ముత్యాలహారం తీసి దోనయ్య మెడలో వేసి, కాచమ్మకి పట్టుచీర పెట్టించి, విత్తనాలు మోసుకుపోవడానికి బండి కట్టించాడు. పున్నమినాడు వాన పడింది. కాచమ్మ చేలో ఏరువాక సాగింది.

నాగరుసు మాత్రం ఆ సాయంత్రమే ద్రాక్షలు కాశాయేమో చూడడానికి గుట్ట ఎక్కాడట. ఈసారి పల్లకీ లేదు.