దండము దింపించిన పిడికిలి నోము

పూర్వము సుమేధుడను ముని, కోపిష్ఠి యని పేరుపడిన రుక్షమహామునిని సమీపించి, తాతముత్తాతల నాటి కట్టుబాటు ఒక్కనాటిలో ఎట్లు చెడునని అడిగెను. రుక్షుడు కన్నులెర్రజేసి యిట్లు చెప్పసాగెను.

ఒక్కనాటిలోనా? ఎంత మాటంటివి! అది కొంచెము కొంచెముగా చెడును. చెడగొట్టువానికంటె చూచుచు ఊరకున్నవారిని తలచినప్పుడే నాకు ఒళ్ళు మండును. వినుము.

వేణుపురమున ఏటేటా కార్తిక శుద్ధ దశమినాడు రాజు తన రాజదండమును రచ్చచావడి ముందు మట్టినేలపై పెట్టి, చేతులు కట్టుకొని నిలువవలెను. జనులు పిడికిట అక్షింతలు పట్టుకొని తమకు జరిగిన అన్యాయములను అడుగుదురు. అన్నింటికి బదులు చెప్పిన పిమ్మటనే అక్షింతలు చల్లి దండము తిరిగి యిత్తురు. మట్టి కుమ్మరులది గనుక మొదట చల్లవలసినది కుమ్మరి యిల్లాలు. ఆ అక్షింతలు పడనిదే ఆ యేటికి రాజు రాజు కాడు.

చండవర్మ యను రాజు మొదటి యేడు నేల బురదగా నున్నదని దండమును పీటపై పెట్టెను. పీటయే గదా, పోనిమ్మని జనులు చల్లిరి. రెండవ యేడు దండమును చేతనే పట్టుకొనెను. పురోహితుడు దానికొక శాస్త్రము వెదకి తెచ్చెను. వానికి దొరకని శాస్త్రమున్నదా! జనులు మరల చల్లిరి. మూడవ యేడు ప్రశ్నలే వలదనెను. ప్రసాదము చల్లారిపోవుచున్నదని అప్పుడును చల్లిరి. వీరి పులిహోర మండిపోను!

అటుపిమ్మట రాజు కుమ్మరులు మట్టి తవ్వుకొను గుంటలకు కంచె వేయించెను. ఇదేమని అడిగిన సోమలింగమను కుమ్మరిని చెరలో త్రోయించెను. ఊరిలో కుండలు కాల్చు ఆవములు ఆరిపోయెను. నీళ్ళు పట్టుటకు కుండ లేక ఇల్లిల్లు అల్లాడెను.

సోమలింగము భార్య గౌరక్క నా ఆశ్రమమునకు వచ్చి రాజును నోరారా తిట్టెను. ఆ మూడేండ్లును మొదట చల్లిన చేయి ఎవరిదమ్మా అని నేనడిగితిని. ఆమె తల వంచుకొనెను.

"నాదే సామీ. పండగపూట రగడెందుకులే అని సల్లినా."

నాకు కోపమాగలేదు. నీ మగనిని చెరలో త్రోసిన చేతులలో నీ చేయియు ఒకటని మొగముమీదనే చెప్పితిని. ఆమె ఏడ్చెనే గాని వెళ్ళిపోలేదు. ఇప్పుడేమి చేయవలెనని అడిగెను. అప్పుడీ నోము చెప్పితిని. ధర్మదేవతను తలచి తొమ్మిది దినములు ఒంటిపూట భుజించి, దశమినాడు అక్షింతలు పట్టిన పిడికిలిని దండము నేలను తాకువరకు విప్పరాదు. గౌరక్క ఆ తొమ్మిది దినములు గడప గడపకు పోయి తన తప్పు తానే చెప్పుకొనెను.

దశమి వచ్చెను. రాజు దండము చేతబట్టి అక్షింతలకై తల వంచెను. ఒక్క గింజయు పడలేదు.

"చల్లవమ్మా, ముహూర్తం దాటిపోతోంది!" అని పురోహితుడు కసరెను.

"దాటనీ సామీ. ముందు దండం దింపమను."

భటుడు ఆమె మణికట్టు మెలిపెట్టెను. పిడికిలి విడలేదు. వెనుకనున్న గానుగవారి ముసలమ్మ తన పిడికిలి బిగించెను. అది చూచి అందరును బిగించిరి. కడకు రాజు తల్లియు బిగించెను. మెడ వంచిన రాజు వంచినట్లే నిలిచి, చెమటలు పట్టి, దండమును బురదలో పెట్టెను.

"నా మొగుడు యాడ? మా మట్టికి కంచె యేల?" అని గౌరక్క అడిగెను. రాజు అప్పటికప్పుడే కంచె తీయించి, సోమలింగమును రప్పించెను. మగని మొగము చూచిన పిమ్మటనే ఆమె చేయి విప్పెను. గింజలు చెమటకు అరచేతనంటుకొనగా విదిలించి చల్లవలసి వచ్చెను. ఆ నెలలోనే ఆవములు మండెను, ఇంటింట కొత్త కుండలు నిండెను.

ఈ నోమును ఏలువారు, ఏలబడువారు, శాస్త్రము చెప్పువారు, ముఖ్యముగా రగడెందుకులే యనువారు తప్పక చేయవలెను. చేసినవారికి చెరనున్నవారు ఇల్లు చేరుదురు, పోయిన నేల తిరిగి వచ్చును, అడుగుటకు నోరు వచ్చును.

అని చెప్పగా సుమేధుడు పరమానందము చెంది ముని తలపై అక్షింతలు చల్లబోయెను. రుక్షుడు ఉగ్రుడై, "మూఢుడా! ఇంత చెప్పినను నా చేతిలో ఏమున్నదో చూడవా?" అని గద్దించి, తన యోగదండమును నేలపై పెట్టి, చేతులు కట్టుకొని, "ఇప్పుడడుగుము" అనెను.