సమ్మయ్య తెచ్చిన పండ్లు

మా యాదగిరిరావు సార్ గుండె జబ్బుల వార్డులో ఏ రోగినీ "ఆయాసం వస్తోందా?" అని అడిగేవారు కాదు. ఆ మాట ఆయన దగ్గర వైద్యం చదువుకునే మేం అడిగినా నచ్చేది కాదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, బట్టలు ఎక్కడ ఆరేస్తున్నావమ్మా, బోరింగు ఎవరు కొడుతున్నారు, ఈసారి జాతరలో గుట్ట ఎక్కావా లేక కిందనుంచే దండం పెట్టుకున్నావా అని ఆరా తీసేవారు. చూడాల్సిన మంచాలు ఇంకా ఎన్ని ఉన్నా ఆయనకు పట్టేది కాదు. సార్ జనాభా లెక్కలకు వచ్చారని మాలో ఒకడు అన్న మాట ఆ ఏడాదంతా వార్డులో తిరిగింది. ఆ ఒకడిని నేనే.

ఒకరోజు ఓపీలో రజిత ఆయనను నిలదీసింది. మా బ్యాచ్‌లో సార్ ముందు నోరు విప్పగలిగింది ఆమె ఒక్కతే. బయట బెంచీ మీద యాభై ఏళ్ల డ్రిల్లు మాస్టారొకరు కూర్చుని ఉన్నారు. గుండె నుంచి పెద్ద రక్తనాళంలోకి తెరుచుకునే కవాటం సరిగా మూసుకోక, ముందుకు పంపిన రక్తంలో సగం దాకా మళ్లీ వెనక్కి కారిపోతోంది ఆయనకు. ఈ జబ్బును నాలుగు దశలుగా చెబుతారు. మొదటి దశలో కవాటం చెడే అవకాశం ఉందని మాత్రమే తెలుస్తుంది. రెండోదాంట్లో లీకు మొదలై మెల్లగా పెరుగుతుంది. మూడోదాంట్లో లీకు బాగా ఎక్కువై, వెనక్కి వచ్చిన రక్తానికి చోటివ్వడానికి గుండె సాగిపోతూ ఉంటుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. నాలుగోదాంట్లో తెలుస్తుంది. మాస్టారు మూడో దశలో ఉన్నారు, ఆపరేషన్ చేయించాలని సార్ అన్నారు.

హాయిగా ఉన్నానంటున్న మనిషిని ఛాతీ కోయించుకోమని ఎలా చెబుతామని రజిత వాదన. ఇవాళ పొద్దున కూడా ఆయన గ్రౌండులో పిల్లలకు పరుగు పందేలు పెట్టించి వచ్చారట. ఆయాసం వచ్చినప్పుడే చూసుకోవచ్చు కదా, అంతవరకు ఆయన మానాన ఆయన్ని వదిలేస్తే ఏం పోతుంది సార్, అని అడిగింది.

సార్ వాదించలేదు. స్టెతస్కోపు తీసి బల్లమీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుంటూ సమ్మయ్య సంగతి ఎత్తుకున్నారు.

సమ్మయ్య కల్లు గీసే మనిషి. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి కవాటం దెబ్బతింది. అతను మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు సార్‌కు ముప్పై రెండేళ్లు. చదువు ముగించి కొత్తగా జిల్లా ఆసుపత్రికి వచ్చారు. సమ్మయ్యదీ ఇంచుమించు అదే వయసు. నడుముకు మోకు బిగించి పొద్దునా సాయంత్రమూ పదిహేనేసి తాటిచెట్లు ఎక్కి దిగేవాడు. జబ్బు అప్పటికి రెండో దశలో ఉంది. ఏటా ఎండాకాలంలో ఒకసారి వచ్చి చూపించుకొమ్మని సార్ చెప్పారు. అతను మాట తప్పకుండా వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా తాటాకులో చుట్టి ముంజలు తెచ్చేవాడు. "దమ్మొస్తుందా సమ్మయ్యా?" అని సార్ అడిగేవారు. "రాదు సారూ, మంచిగున్న" అనేవాడు. ఆయాసం లేదని కార్డు మీద రాసి, కింద గీత కొట్టి పంపేసేవారు.

నాలుగేళ్లకు మూడో దశ వచ్చింది. నాడి పట్టుకుంటే వేళ్ల కింద ఎగిరి టక్కున పడిపోయేది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తల చిన్నగా ముందుకు ఊగేది. దమ్మొస్తుందా అంటే నోరు రాదంటోంది, తల అవునవునంటోంది చూడండని సార్ విద్యార్థులను పిలిచి మరీ చూపించారట. అందరూ నవ్వారు, సమ్మయ్య కూడా నవ్వాడు. పుస్తకంలో చదివిన లక్షణం కళ్లముందు కనబడిందన్న సంబరమే తప్ప ఆ తల చెప్పేది వినాలని తనకు తట్టలేదని సార్ అన్నారు. గుండె ఏటికేడాదీ కొంచెం పెద్దదవుతూనే ఉంది. ఆపరేషన్‌కు పంపుదామా అన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చింది. గుండె సైజు ఇంకా ఆపరేషన్ హద్దు దాటలేదు, మనిషికి బాధేమీ లేదు, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నారు.

ఆ తర్వాతి ఎండాకాలం సమ్మయ్య ముంజలకు బదులు ఈతపండ్లు తెచ్చాడు. ఆ మరుసటి ఏడు పుచ్చకాయ తెచ్చాడు. దాన్ని చంకనెత్తుకుని వచ్చింది అతని భార్య రాజవ్వ. కాయ చాలా తియ్యగా ఉందని సార్ ముక్కలు కోయించి నర్సులందరికీ పంచారు. కార్డు మీద ఎప్పటి మాటే రాశారు.

దసరా వెళ్లిన వారానికి సమ్మయ్యను ఆటోలో తీసుకొచ్చారు. పడుకుంటే ఊపిరాడక సీట్లో ముందుకు వంగి కూర్చునే వచ్చాడు. హైదరాబాదు పంపించి కవాటం మార్పించారు. కొత్త కవాటం బాగానే పనిచేసింది గానీ, సాగిపోయిన గుండె మళ్లీ దగ్గరికి రాలేదు. రెండేళ్లు మంచానికీ వాకిలికీ మధ్యే తిరిగి, పోయాడు.

అతను పోయాక వచ్చిన ఎండాకాలం రాజవ్వ ఒక్కతే వచ్చింది, ముంజలు తీసుకుని. తన మగని చెట్లవేనని, ఇప్పుడు మరిది ఎక్కుతున్నాడని చెప్పింది. సార్ ఉండబట్టలేక, అంత కష్టంగా ఉంటే ముందు ఒక్క మాటైనా చెప్పలేదేమమ్మా అన్నారు. మందలిస్తున్నట్టే అన్నాను, సిగ్గు లేకుండా, అని మాతో చెప్పారు. రాజవ్వకు కోపం రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చింది. చెట్టు సగానికి పోయేసరికి మోకు మీద ఆగి నిలబడాల్సి వస్తోందని, పొడుగు తాటిచెట్లన్నీ తమ్ముడికి అప్పజెప్పి పొట్టి ఈతచెట్లు తను ఉంచుకున్నాడట. తర్వాత అవీ వదిలేసి, కల్లు మండువలో కూర్చుని వచ్చినవాళ్లకు పోస్తూ ఉండేవాడట. పుచ్చకాయ ఆమె అన్న చేనులోదట.

"ఆయన అబద్ధమాడలే సారూ. మీరు దమ్మొస్తుందా అని అడిగితిరి. చెట్టెక్కుతున్నవా అని ఎన్నడు అడగకపోతిరి."

ముంజలు బల్లమీదే ఎండిపోయాయి. ఇరవై ఏళ్లయినా సార్ మళ్లీ ముంజ ముట్టలేదు. ఆయనను ఎవరూ తప్పుపట్టలేదు. పట్టడానికి లేదు, కార్డు మీద రాసిన ప్రతి ముక్కా నిజమే.

"అన్నీ తెచ్చి నా బల్లమీదే పెట్టాడు రజితా. నేను తింటూ కూర్చున్నాను."

నాకు జనాభా లెక్కల మాట గుర్తొచ్చి తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. రజిత మాత్రం, ఈ మాస్టారు సంగతి వేరు కదా సార్, పొద్దున కూడా ఈల ఊది పందేలు పెట్టించి వచ్చారు కదా అంది. ఆ మాటలో మునుపటి ధీమా లేదు.

సార్ కళ్లద్దాలు పెట్టుకుని, తలుపు వైపు చూశారు.

"ఈల నిలబడి ఊదారా, కుర్చీలో కూర్చుని ఊదారా? అడిగి రా అమ్మా."