సంతకు వెళ్ళనివ్వని పడవ

ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. అక్కడ పడవల గుత్తేదారు భూషణం. ఊరివాళ్ళు ఏటా అతనికి ధాన్యం కొలిచి ఏరు దాటేవారు. అల్లుడు ఊళ్ళో బట్టల కొట్టు పెట్టగానే భూషణం కొత్త కట్టడి చేశాడు. అవతలి ఒడ్డున చుట్టాల ఇంటికైతే సరే, సంతకు మాత్రం పడవ ఎక్కనివ్వనన్నాడు.

ఊరంతా పొయ్యిలతో, పిల్లాజెల్లాతో రేవులో బైఠాయించింది. సంగతి తెలిసి రాజుగారే వచ్చారు.

"పడవ నాది ప్రభూ. ఎవరు ఎందుకు వెళ్తున్నారో విచారించి, నాకు సమ్మతమైతేనే దాటిస్తాను," అన్నాడు భూషణం ధీమాగా.

జీళ్ళు అమ్ముకునే నూకాలు ముందుకొచ్చి దండం పెట్టింది.

"అయితే దొంగ జతగాడు దొరికాడు మారాజా! కోటలో నగలు దోచినవాడు ఈ పడవలోనే పారిపోయాడని మీ భటులే చాటించారు. అన్నీ విచారించి, సమ్మతించే దాటించాడన్నమాట ఈ బాబు!"

రాజుగారు గుడ్లురిమారు. భూషణం గబుక్కున చేతులు జోడించాడు.

"అయ్యయ్యో, నాకేం తెలుసు ప్రభూ! ఎక్కినవాళ్ళను అవతల దించడమే నా పని. వాళ్ళు ఎక్కడికి పోతే నాకెందుకు?"

"మేమూ అదే అంటున్నాం బాబూ," అంది నూకాలు.

రాజుగారు పకపకా నవ్వి, "ఇక ఆ మాట మీదే ఉండు," అని భూషణాన్ని ఆజ్ఞాపించారు.

ఆ పూటే సంతకు పడవ కదిలింది. అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది భూషణం పెళ్ళామే.